కాశ్మీర్ గ్రేట్ లేక్స్ ట్రెక్: సరస్సుల దారిలో తలనొప్పిని దాచొద్దు

శ్రీనగర్‌కు సుమారు 80 కిలోమీటర్ల దూరంలోని సోనామార్గ్ దగ్గర మొదలై, హర్ముఖ్ పర్వతం కింద ఉన్న నారానాగ్ గ్రామంలో ముగిసే కొండదారిని కాశ్మీర్ గ్రేట్ లేక్స్ ట్రెక్ అంటారు. దారి పొడవు దాదాపు 70 కిలోమీటర్లు. ఆరేడు రోజుల నడక. మధ్యలో విషన్‌సర్, కిషన్‌సర్, గడ్‌సర్, సత్‌సర్, నంద్‌కోల్, గంగాబల్ సరస్సులు, వాటి మధ్య మూడు ఎత్తైన కనుమలు వస్తాయి. ఈ కనుమలనే అక్కడ పాస్ అంటారు.

పేర్లలో వచ్చే ‘సర్’ అనే మాట తెలుగువారికి కొత్తేమీ కాదు. మన సరస్సు, కాశ్మీరీలోని సర్ రెండూ ఒకే సంస్కృత మూలం నుంచి వచ్చినవే. ‘మర్గ్’ అంటే పచ్చిక మైదానం. సోనామార్గ్ అంటే బంగారు మైదానం అన్నమాట.

ఫోటోల్లో నీలి నీళ్లు, పచ్చిక, గుర్రాలు చూసి ఇది తేలికైన నడకే అని చాలామంది అనుకుంటారు. రాళ్లమీద తాళ్లు పట్టుకుని ఎక్కే పని లేదన్నది నిజమే. కానీ ఇక్కడ అసలు కష్టం దారిలో కాదు, గాలిలో ఉంది.

ఎప్పుడు వెళ్లాలి, ఎలా చేరాలి

జూలై మొదటి వారాల నుంచి సెప్టెంబర్ మధ్య వరకు ఈ దారి సీజన్. జూన్‌లో పాసుల మీద ఇంకా మంచు గట్టిగానే ఉంటుంది. జూలైలో గడ్‌సర్ లోయ నిండా పూలు ఉంటాయి, సరస్సుల్లో మంచు గడ్డలు తేలుతూ కనిపిస్తాయి. ఆగస్టు చివర్లో, సెప్టెంబర్‌లో ఆకాశం తేటగా ఉంటుంది, రాత్రి చలి పెరుగుతుంది. పీర్ పంజాల్ పర్వతాలు అడ్డుండటం వల్ల వర్షాకాలపు వానలు ఇక్కడికి తక్కువగానే వస్తాయి. అలాగని వాన ఉండదని కాదు.

హైదరాబాద్, విజయవాడ, విశాఖ నుంచి వెళ్లేవారు విమానంలో శ్రీనగర్ చేరవచ్చు. 2025 జూన్‌లో కట్రా, శ్రీనగర్ మధ్య వందే భారత్ రైలు మొదలైంది కాబట్టి రైలు దారి కూడా తెరుచుకుంది. సోనామార్గ్ సొరంగాన్ని 2025 జనవరి 13న ప్రారంభించారు.

వెళ్లేముందు అనుమతుల సంగతి తప్పనిసరిగా కనుక్కోవాలి. 2025 ఏప్రిల్ 22న పహల్గామ్ దగ్గర బైసరన్‌లో జరిగిన ఉగ్రదాడి తర్వాత లోయలో చాలా పర్యాటక స్థలాలను మూసేశారు. ఏ సీజన్‌లో ఏ దారి తెరిచి ఉంటుందన్నది అక్కడి అధికారుల నిర్ణయం. అడ్వాన్స్ కట్టేముందే దారి తెరిచి ఉందో లేదో అడగాలి. మూసేస్తే డబ్బు వాపసు ఎలా ఇస్తారో రాసి ఇమ్మనాలి.

ఆధార్ లాంటి గుర్తింపు కార్డు ఒరిజినల్, రెండు మూడు జిరాక్స్ కాపీలు దగ్గర ఉండాలి. దారిలో సైన్యం చెక్‌పోస్టుల దగ్గర పేర్లు రాసుకుంటారు. వేరే రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూ కాశ్మీర్‌లో పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. అదీ సోనామార్గ్ దాటాక దాదాపు మొత్తం దారిలో సిగ్నల్ ఉండదు. ఇంట్లోవాళ్లకు ఈ మాట ముందే చెప్పి బయలుదేరడం మేలు.

రోజువారీ దారి

మొదటి రోజు సోనామార్గ్ నుంచి నిచ్నై. సోనామార్గ్ సుమారు 2,700 మీటర్ల ఎత్తులో ఉంటుంది, నిచ్నై క్యాంపు 3,500 మీటర్ల దగ్గర. దారి పొడవునా పచ్చిక, ఆ తర్వాత భూర్జ చెట్ల అడవి, వాగు పక్కన రాళ్ల దారి.

రెండో రోజు నిచ్నై పాస్ దాటి విషన్‌సర్. పాస్ ఎత్తు దాదాపు 4,100 మీటర్లు. అవతలి వైపు దిగాక పెద్ద మైదానం, దాని చివర విషన్‌సర్. ఇక్కడ చాలా బృందాలు ఒక రోజు ఆగుతాయి. ఆ విశ్రాంతి రోజు లేని ప్యాకేజీ చౌకగా దొరికినా దాని జోలికి పోకపోవడమే మంచిది.

తర్వాత కిషన్‌సర్ పక్కనుంచి గడ్‌సర్ పాస్ ఎక్కాలి. మొత్తం దారిలో ఇదే ఎత్తైన చోటు, సుమారు 4,200 మీటర్లు. పైనుంచి చూస్తే విషన్‌సర్, కిషన్‌సర్ రెండూ ఒకేసారి కనిపిస్తాయి. అవతల గడ్‌సర్. విషన్‌సర్, కిషన్‌సర్, గడ్‌సర్ నీళ్లు ఉత్తరంగా పారి కిషన్‌గంగ నదిలో కలుస్తాయి. ఈ నదినే నియంత్రణ రేఖకు అవతల నీలం నది అంటారు.

గడ్‌సర్ నుంచి సత్‌సర్. సత్‌సర్ అంటే ఏడు సరస్సులు. ఎండలు ముదిరాక వాటిలో కొన్ని ఎండిపోతాయి కాబట్టి ఏడింటినీ చూడలేకపోయామని బాధపడనక్కర్లేదు. మర్నాడు రాళ్ల గుట్టల మీదుగా మూడో కనుమ జాచ్ పాస్ దాటితే కింద నంద్‌కోల్, గంగాబల్, ఎదురుగా 5,142 మీటర్ల హర్ముఖ్ శిఖరం.

హర్ముఖ్‌కు భూగోళ చరిత్రలో ఒక చోటుంది. 1856లో సర్వే అధికారి థామస్ మాంట్‌గోమరీ ఈ పర్వతం మీద నుంచి 200 కిలోమీటర్లకు పైగా దూరంలోని రెండు శిఖరాలను గుర్తించి కే1, కే2 అని రాసుకున్నాడు. ప్రపంచంలో రెండో ఎత్తైన శిఖరానికి కే2 అనే పేరు అలా వచ్చింది.

గంగాబల్ కాశ్మీరీ పండితులకు పవిత్ర సరస్సు. చనిపోయినవారి అస్థికలు ఇక్కడ కలిపే ఆచారం ఉంది. సబ్బులు, షాంపూలతో ఈ నీళ్లలోకి దిగడం మర్యాద కాదు. సరస్సుల్లో ట్రౌట్ చేపలున్నాయి కానీ మత్స్య శాఖ పర్మిట్ లేకుండా పట్టకూడదు.

ఆఖరి రోజు గంగాబల్ నుంచి నారానాగ్‌కు దిగుడు. ఒక్క రోజులో 1,200 మీటర్లకు పైగా దిగాలి. ఎక్కేటప్పుడు ఊపిరికి పరీక్ష అయితే, దిగేటప్పుడు మోకాళ్లకు పరీక్ష. నారానాగ్‌లో 8వ శతాబ్దపు కర్కోట రాజు లలితాదిత్యుడి కాలానివిగా చెప్పే శివాలయాల శిథిలాలు ఉన్నాయి.

ఎత్తు ఒంటిని ఏం చేస్తుంది

హైదరాబాద్ సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైన ఉంది. విశాఖ, కాకినాడ దాదాపు సముద్రం ఒడ్డునే. గడ్‌సర్ పాస్ మీద గాలి ఒత్తిడి సముద్ర మట్టంతో పోలిస్తే దాదాపు 60 శాతమే. అంటే ఒక్కో శ్వాసకు అందే ఆక్సిజన్ కూడా అంతే. ఒంటికి దీన్ని అలవాటు చేసుకునే శక్తి ఉంది, కానీ అందుకు రోజులు పడతాయి.

పర్వత వైద్యంలో అందరూ ఒప్పుకునే లెక్క ఒకటుంది. 3,000 మీటర్లు దాటాక, ఈ రాత్రి పడుకునే చోటు నిన్నటి చోటుకన్నా 500 మీటర్లకు మించి ఎత్తులో ఉండకూడదు. మొదటి రోజు లెక్కనే చూడండి. 2,700 నుంచి 3,500, అంటే ఒక్కరోజే 800 మీటర్లు. ఈ దారిలో తలనొప్పులు ఎక్కువగా నిచ్నైలోనే మొదలవడానికి కారణం ఇదే. దీనికి సులువైన విరుగుడు సోనామార్గ్‌లో ఒక రాత్రి ఎక్కువ ఉండటం. ఆఫీసు సెలవు ఒక రోజు మిగులుతుందని శ్రీనగర్‌లో దిగిన మర్నాడే నడక మొదలుపెట్టడం చాలామంది చేసే తప్పు.

తలనొప్పితో పాటు వికారం, ఆకలి లేకపోవడం, నీరసం, తల తిరగడం ఉంటే అది ఎత్తు జబ్బే అనుకోవాలి. గ్యాస్ అని, ఎండ అని, నిద్ర సరిపోలేదని సర్దుకోకూడదు. లక్షణాలు తగ్గేదాకా పైకి వెళ్లకూడదు. పెరుగుతుంటే కిందికి దిగాల్సిందే.

రెండు ప్రమాద సంకేతాలు ప్రతి ఒక్కరికీ తెలిసి ఉండాలి. ఒకటి, కూర్చుని ఉన్నా ఆయాసం తగ్గకపోవడం, దగ్గు, నురగతో కూడిన కళ్లె. ఇది ఊపిరితిత్తుల్లో నీరు చేరడం. రెండోది, మనిషి తూలడం, మాట తడబడటం, గందరగోళంగా మాట్లాడటం. ఇది మెదడు వాపు. అనుమానం ఉంటే నేలమీద ఒక గీత ఊహించి, మడమకు వేలు ఆనించి పది అడుగులు నడవమనాలి. తూలితే ఆలస్యం చేయకూడదు. ఈ రెండూ గంటల్లో ప్రాణం తీయగలవు.

రోజూ జిమ్‌కు వెళ్లేవారికి ఇది రాదనుకోవడం పొరపాటు. గట్టి శరీరం కాళ్లకు పనికొస్తుంది, ఎత్తు జబ్బును ఆపదు. పైగా దమ్మున్న కుర్రాళ్లు వేగంగా ఎక్కేసి ముందుగా పడిపోవడం కొండల్లో మామూలే. అసెటాజొలమైడ్ మాత్ర కొందరికి ఉపయోగపడుతుంది. డాక్టర్‌ను అడిగి, సల్ఫా మందులు పడనివారు ఆ సంగతి చెప్పి తీసుకోవాలి. మద్యం, నిద్ర మాత్రలు అస్సలు వద్దు. గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారు డాక్టర్ సరే అంటేనే టికెట్ తీయాలి.

నిచ్నైలోనే ఎందుకు తేల్చుకోవాలి

నిచ్నై క్యాంపు నుంచి సోనామార్గ్‌కు దారి చాలావరకు దిగుడే. గుర్రం మీద కూర్చోబెట్టి కొన్ని గంటల్లో దింపేయవచ్చు. నిచ్నై పాస్ దాటాక లెక్క మారిపోతుంది. విషన్‌సర్ నుంచి వెనక్కి రావాలంటే మళ్లీ 4,100 మీటర్లు ఎక్కాలి. గడ్‌సర్ నుంచి వెనక్కి రావాలంటే రెండు పాసులు ఎక్కాలి. కిందికి దించితే బతికే మనిషిని కాపాడటానికి ముందు పైకి మోయాల్సి వస్తుంది.

అందుకే మొదటి రాత్రి గైడ్ అడిగే ‘ఎలా ఉంది’ అన్న ప్రశ్నకు నిజం చెప్పడం ఈ మొత్తం ప్రయాణంలో అన్నిటికన్నా ముఖ్యమైన పని. డబ్బు పోతుందనో, స్నేహితులు నవ్వుతారనో ‘బాగానే ఉంది’ అనేవారు తమనే కాదు, తమ వెంట వచ్చినవారిని కూడా ఇబ్బందిలో పెడతారు. వెనక్కి దిగినవారు వచ్చే ఏడాది మళ్లీ రావచ్చు.

ఇందులో హైదరాబాద్ వాళ్లకు ఒక సౌకర్యం ఉంది. కాశ్మీరీ గైడ్లు, గుర్రాలవాళ్లు ఉర్దూ బాగా మాట్లాడతారు. ‘సర్ మే దర్ద్ హై’, ‘చక్కర్ ఆ రహే హై’, ‘ఉల్టీ జైసా లగ్ రహా హై’ అంటే చాలు, వాళ్లకు సంగతి అర్థమవుతుంది. బృందంలో ఉర్దూ, హిందీ రానివారుంటే ఈ మూడు మాటలు నేర్పించడం మందుల డబ్బా సర్దుకోవడమంత అవసరం.

గైడ్‌ను ఎంచుకునేటప్పుడు

గైడెడ్ ట్రెక్ అంటే టెంటు, భోజనం, సామాను మోసే గుర్రాలు మాత్రమే కాదు. ‘ఇక చాలు, వెనక్కి’ అని చెప్పగల మనిషి కోసం కట్టే డబ్బు అది. బుక్ చేసేముందు కొన్ని ప్రశ్నలు సూటిగా అడగాలి. గైడ్ పర్వతారోహణ శిక్షణ, ప్రథమ చికిత్స శిక్షణ తీసుకున్నాడా? పహల్గామ్‌లోని జవహర్ పర్వతారోహణ సంస్థ, ఉత్తరకాశీలోని నెహ్రూ పర్వతారోహణ సంస్థ ఇలాంటి కోర్సులు నడుపుతాయి. ఆక్సిజన్ సిలిండర్, పల్స్ ఆక్సీమీటర్ బృందంతో నడుస్తాయా, ఆఫీసులో ఉంటాయా? ఒక గైడ్‌కు ఎంతమంది? ఒకరు వెనక్కి దిగాల్సి వస్తే వెంట ఎవరు వస్తారు? గుర్రాలవాళ్లకు, వంటవాళ్లకు బీమా ఉందా? జవాబులు తడబడితే ఇంకొకరిని వెతుక్కోవాలి.

ఇంటి దగ్గర తయారీ

కనీసం రెండు నెలల ముందు నుంచి వేగంగా నడవడం, మెట్లు ఎక్కడం అలవాటు చేసుకోవాలి. గోల్కొండలో బాలాహిసార్ దాకా, మౌలాలీ గుట్ట మీదికి, అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు, ఏదైనా సరే. దిగడం కూడా సాధనే, లిఫ్టులో దిగితే నారానాగ్ దిగుడులో మోకాళ్లు మొరాయిస్తాయి. వీపు మీద ఐదారు కిలోల సంచితో సాధన చేస్తే ఇంకా మంచిది. ఇదంతా కాళ్లకే. గాలికి మందు నెమ్మదిగా నడవడం ఒక్కటే.

జీన్స్, కాటన్ బట్టలు తడిస్తే ఆరవు, ఒంట్లో వేడిని లాగేస్తాయి. త్వరగా ఆరే బట్టలు, ఉన్ని లోపలి దుస్తులు, వాన కోటు, పాతబడి పాదానికి అలవాటైన బూట్లు, టార్చ్, రోజూ వేసుకునే మందులు ఉంటే చాలు. వాగులు పొద్దున్నే దాటాలి. ఎండకు మంచు కరిగి మధ్యాహ్నానికి నీళ్లు పెరుగుతాయి. పాసులు కూడా మధ్యాహ్నం ఉరుములు మొదలయ్యేలోపే దాటడం పద్ధతి.

ఆ కొండలు ఎవరివి

సరస్సుల ఒడ్డున కనిపించే గొర్రెలు, మేకలు, రాతి గుడిసెలు గుజ్జర్, బకర్వాల్ కుటుంబాలవి. ఎండాకాలం మొదట్లో జమ్మూ వైపు నుంచి మందలతో పైకి వచ్చి, చలి మొదలయ్యేసరికి దిగిపోతారు. 1991లో వీరికి షెడ్యూల్డ్ తెగల హోదా వచ్చింది. యాత్రికులకు వారం రోజుల సరదా అయిన ఈ దారి వాళ్లకు తరతరాల బతుకు దారి.

వాళ్ల గుడిసెల దగ్గరికి పిలవకుండా వెళ్లకూడదు, కాపలా కుక్కలు ఊరుకోవు. ఆడవాళ్లను, పిల్లలను అడగకుండా ఫోటో తీయకూడదు. పిల్లలకు చాక్లెట్లు పంచితే ఆ కాగితాలు ఆ పచ్చికలోనే మిగిలిపోతాయి, పళ్లు పాడైతే చూపించుకోవడానికి దగ్గర్లో డాక్టర్ ఉండడు. సరస్సుల నీళ్లే కింద ఊళ్లకు వెళ్తాయి. తీసుకెళ్లిన ప్లాస్టిక్ మొత్తం తిరిగి సోనామార్గ్‌కో నారానాగ్‌కో చేరాలి.

గుర్రాలవాళ్లకు, వంటవాళ్లకు ఏడాదిలో రెండు మూడు నెలలే ఈ పని. దారి మూసేసిన సీజన్‌లో ఆ సంపాదన కూడా ఉండదు. బేరమాడేటప్పుడు ఈ సంగతి గుర్తుంటే మంచిది. పాస్ మీద ఊపిరాడక కూలబడినప్పుడు చెయ్యందించి, గుర్రం మీద కూర్చోబెట్టి, రాత్రయినా కిందికి దింపేది వాళ్లే.