గేమ్ తడబడితే తప్పెక్కడ? గ్రాఫిక్స్, వేగ సమస్యల నిర్ధారణ

కంప్యూటర్ గేమ్ ఆడుతుండగా బొమ్మ తడబడటం, తెర అడ్డంగా చీలినట్టు కనిపించడం, రంగులు చెదిరిపోవడం, గేమ్ ఉన్నట్టుండి మూసుకుపోవడం వంటి లోపాలకు మూలం కనిపెట్టి సరిచేయడమే గ్రాఫిక్స్, పనితీరు సమస్యల పరిష్కారం. తెర మీద ఒక్క బొమ్మ పడాలంటే నాలుగు అంచెలు కలిసి పనిచేయాలి: గేమ్ ప్రోగ్రామ్, ఆపరేటింగ్ సిస్టమ్, గ్రాఫిక్స్ డ్రైవర్, హార్డ్‌వేర్. వీటిలో ఒక అంచెలో జరిగిన తప్పు మరో అంచెలో బయటపడటం మామూలే. అందుకే లోపం కనిపించిన చోటే దోషం ఉందనుకుని కొత్త కార్డు కొన్నవారు చాలాసార్లు డబ్బు పోగొట్టుకుని, సమస్యను మాత్రం అలాగే ఉంచుకుంటారు.

ఈ నాలుగు అంచెల్లో రెండింటికి, అంటే చిప్పులకూ డ్రైవర్లకూ, హైదరాబాదుతో దగ్గరి సంబంధం ఉంది. ఇంటెల్ సంస్థ 2019 డిసెంబర్ 2న శేరిలింగంపల్లి మండలం రాయదుర్గంలోని నాలెడ్జ్ సిటీలో 3 లక్షల చదరపు అడుగుల డిజైన్, ఇంజనీరింగ్ కేంద్రాన్ని ప్రారంభించింది. అప్పట్లో ఆ సంస్థ గ్రాఫిక్స్ విభాగానికి అధిపతి ఆంధ్రా విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగ్ చదివిన రాజా కోడూరి. అంతకుముందు ఏటీఐ, ఏఎండీ, యాపిల్ సంస్థల్లో పనిచేసిన ఆయన పేరు గ్రాఫిక్స్ చిప్పుల చరిత్రలో తరచూ వినిపిస్తుంది. ఏఎండీ, ఎన్విడియా, క్వాల్‌కామ్ సంస్థల ఇంజనీరింగ్ కార్యాలయాలు కూడా ఈ నగరంలో ఉన్నాయి.

సగటు చెప్పని సంగతి

‘గేమ్ స్లోగా ఉంది’ అన్న మాటతో ఏ ఇంజనీరూ ఏమీ చేయలేడు. ముందు దాన్ని అంకెల్లోకి దించాలి. సెకనుకు ఎన్ని ఫ్రేములు వస్తున్నాయో చెప్పే లెక్క ఎఫ్‌పీఎస్. 60 ఎఫ్‌పీఎస్ కావాలంటే ఒక్కో ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లలో సిద్ధం కావాలి. 30 అయితే 33.3 మిల్లీసెకన్లు చాలు. 144 హెర్ట్జ్ మానిటర్‌కు దీటుగా నడవాలంటే 6.9 మిల్లీసెకన్లే గడువు.

అయితే సగటును మాత్రమే చూస్తే మోసపోతాం. ఒక సెకనులో 59 ఫ్రేములు 15 మిల్లీసెకన్ల చొప్పున వచ్చి, మిగిలిన ఒక్కటి 115 మిల్లీసెకన్లు తీసుకుందనుకుందాం. లెక్క ప్రకారం అది 60 ఎఫ్‌పీఎస్సే. కంటికి మాత్రం ఆ ఒక్క కుదుపే తెలుస్తుంది. పది నిమిషాలకో బస్సు అని బోర్డు పెట్టి, గంటసేపు ఒక్కటీ రాక ఆరు బస్సులు ఒకేసారి వచ్చినట్టుంటుంది ఈ వ్యవహారం.

ఈ సంగతిని బలంగా చాటినవాడు ‘టెక్ రిపోర్ట్’ సంపాదకుడు స్కాట్ వాసన్. 2011లో ఆయన సెకను లోపలికి తొంగిచూసి, ఒక్కో ఫ్రేమ్ ఎంత సమయం తీసుకుందో గ్రాఫు గీసి చూపించాడు. రెండు గ్రాఫిక్స్ కార్డులు జతచేసిన యంత్రాల్లో ఎఫ్‌పీఎస్ ఘనంగా కనిపిస్తున్నా ఆట ఎందుకు గతుకులుగా నడుస్తోందో ఆ తరహా కొలతలతోనే తేలింది. 2013 ఆగస్టులో ఏఎండీ ఫ్రేముల మధ్య విరామాన్ని సమం చేసే డ్రైవర్ విడుదల చేసింది. తర్వాత వాసన్ కూడా, అప్పట్లో కోడూరి నడుపుతున్న ఏఎండీ గ్రాఫిక్స్ విభాగంలోనే చేరాడు.

ఇప్పుడు ఇంట్లోనే ఈ కొలత తీసుకోవచ్చు. ఇంటెల్ ఉచితంగా ఇచ్చే ప్రెజెంట్‌మాన్, ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్‌తో కలిసి వచ్చే రివాట్యూనర్ ఫ్రేమ్ సమయాన్ని తెర మీదే గీతగా చూపిస్తాయి. గీత సాఫీగా ఉండి ఎత్తులో ఉంటే యంత్రం శక్తి చాలడం లేదని అర్థం. కిందనే ఉండి అక్కడక్కడా ముల్లులా లేస్తుంటే జబ్బు వేరే.

ఇరుకు ఎక్కడ?

తర్వాతి ప్రశ్న: ఆలస్యం చేస్తున్నది ప్రాసెసరా, గ్రాఫిక్స్ కార్డా? దీనికి తేలికైన పరీక్ష ఉంది. రిజల్యూషన్ తగ్గించి చూడాలి. 4కే తెరలో సుమారు 83 లక్షల పిక్సెళ్లుంటాయి, 1080పీలో 21 లక్షలలోపే. గీయాల్సిన పిక్సెళ్లు పావు వంతుకు తగ్గినా ఎఫ్‌పీఎస్ పెరగలేదంటే అడ్డుపడుతున్నది కార్డు కాదు, ప్రాసెసర్. కార్డు వాడకం 97, 98 శాతం దగ్గర నిలకడగా ఉంటే భారమంతా కార్డు మీదే ఉన్నట్టు.

సెట్టింగుల ఎంపిక దీన్ని బట్టే ఉండాలి. నీడలు, రే ట్రేసింగ్, రిజల్యూషన్ తగ్గిస్తే కార్డుకు ఊపిరి ఆడుతుంది. గుంపులో జనం సంఖ్య, దూరపు వస్తువుల వివరం తగ్గిస్తే ప్రాసెసర్‌కు ఊరట. టెక్స్చర్ నాణ్యత దెబ్బంతా వీడియో మెమరీ మీద పడుతుంది. అది నిండితే సరుకు మామూలు ర్యామ్‌లోకి పొంగి, మలుపు తిరిగినప్పుడల్లా ఆట ఆగి ఆగి నడుస్తుంది. డీఎల్‌ఎస్‌ఎస్, ఎఫ్‌ఎస్‌ఆర్, ఎక్స్‌ఈఎస్‌ఎస్ వంటివి తక్కువ రిజల్యూషన్‌లో గీసి పెద్దది చేస్తాయి కాబట్టి కార్డు భారాన్నే తగ్గిస్తాయి. ప్రాసెసర్ దగ్గర ఇరుకు ఉంటే వాటితో పెద్దగా ఒరిగేదేమీ ఉండదు.

అన్నిటికన్నా ముందు చూడాల్సినవి చిన్న చిన్న పొరపాట్లు. మానిటర్ కేబుల్‌ను గ్రాఫిక్స్ కార్డుకు కాకుండా మదర్‌బోర్డు సాకెట్‌కు పెట్టడం, 144 హెర్ట్జ్ మానిటర్ కొని విండోస్‌లో 60 దగ్గరే వదిలేయడం, రెండు ర్యామ్ స్లాట్లున్నా ఒకే ముక్కతో నడపడం తరచూ కనిపిస్తాయి. ల్యాప్‌టాప్‌లలో రెండు గ్రాఫిక్స్ చిప్పులుంటే, గేమ్ బలహీనమైన దాని మీద నడుస్తుండవచ్చు. విండోస్ డిస్‌ప్లే సెట్టింగుల్లోని గ్రాఫిక్స్ పేజీలో ఆ గేమ్‌కు ‘హై పెర్ఫార్మెన్స్’ ఎంచుకుని, చార్జర్ పెట్టి ఆడితే చాలాసార్లు అక్కడితో సమస్య తీరుతుంది.

డ్రైవర్ మహిమ: ఆర్క్ ఉదంతం

డ్రైవర్ బాగుపడితే అదే కార్డు ఎంత మారుతుందో చెప్పడానికి ఇంటెల్ ఆర్క్‌ను మించిన ఉదాహరణ అరుదు. కోడూరి హయాంలో రూపుదిద్దుకున్న ఏ770, ఏ750 కార్డులు 2022 అక్టోబర్‌లో అమ్మకానికి వచ్చాయి. కొత్త గేముల్లో ఫరవాలేదనిపించిన ఈ కార్డులు పాతవాటిలో తడబడ్డాయి. కారణం స్పష్టం. గేమ్ ఆదేశాలను కార్డుకు చేరవేసే సాఫ్ట్‌వేర్ అయిన, 2002 నాటి డైరెక్ట్‌ఎక్స్ 9 మీద నడిచే గేముల కోసం వీటిలో సొంత ఏర్పాటు లేదు. ఆ ఆదేశాలను డైరెక్ట్‌ఎక్స్ 12లోకి మార్చి నడిపేవారు. కౌంటర్ స్ట్రైక్: గ్లోబల్ అఫెన్సివ్ వంటి గేములు అందువల్ల దెబ్బతిన్నాయి.

ఇంటెల్ ఆ మార్పిడి పద్ధతినే మార్చింది. తొలినాటి డ్రైవర్‌తో పోలిస్తే తాము ఎంచుకున్న డైరెక్ట్‌ఎక్స్ 9 గేముల్లో ఎఫ్‌పీఎస్ సగటున 43 శాతం పెరిగిందని 2023 ఫిబ్రవరిలో ప్రకటించింది. ఒక్క ట్రాన్సిస్టర్ కూడా మారలేదు. ఈ కార్డుల విషయంలో మరో షరతు ఉంది: బయాస్‌లో రీసైజబుల్ బార్ అనే సదుపాయం ఆన్‌లో ఉండాలి. అది లేని పాత మదర్‌బోర్డులో ఆర్క్ పెట్టి నిరాశపడటంలో కార్డు తప్పేమీ లేదు.

డ్రైవర్ పాడైందన్న అనుమానం వస్తే పైపైన కొత్తది ఎక్కించడం చాలదు. ఇంటర్నెట్ తీసేసి, సేఫ్ మోడ్‌లో డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్‌తో పాతదాన్ని పూర్తిగా తుడిచి, తయారీదారు ఇచ్చిన డ్రైవర్‌ను ఎక్కించాలి. నెట్ ఉంటే మధ్యలో విండోస్ తన డ్రైవర్‌ను దూర్చేస్తుంది. గ్రాఫిక్స్ చిప్ 2 సెకన్ల పాటు బదులివ్వకపోతే విండోస్ డ్రైవర్‌ను మళ్లీ మొదలుపెడుతుంది. తెర ఒక్కసారి నల్లబడి తిరిగి రావడం దాని గుర్తే. ఈవెంట్ వ్యూయర్‌లో 4101 సంఖ్యతో ఆ సంగతి నమోదై ఉంటుంది.

పేరొకరిది, దోషమింకొకరిది

2024లో అన్‌రియల్ ఇంజిన్ మీద నడిచే అనేక గేములు మొదలవుతుండగానే ‘వీడియో మెమరీ చాలలేదు’ అంటూ మూసుకుపోయేవి. 24 జీబీ మెమరీ ఉన్న ఆర్‌టీఎక్స్ 4090 కార్డులకూ అదే సందేశం! కార్డులు మార్చినా, డ్రైవర్లు మార్చినా ఫలితం శూన్యం.

అసలు దోషం ఇంటెల్ 13, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఉంది. గేమ్ మొదలయ్యేటప్పుడు, రంగులనూ వెలుగునీడలనూ లెక్కగట్టే షేడర్లు అనే చిన్న ప్రోగ్రాములను కుదించిన రూపం నుంచి ప్రాసెసర్ విప్పాలి. ఆ లెక్కలో తప్పు దొర్లితే గేమ్ దాన్ని వీడియో మెమరీ లోపంగా చూపించేది. అవసరానికి మించిన వోల్టేజీ వల్ల చిప్పులు క్రమేణా దెబ్బతింటున్నాయని ఇంటెల్ ఆ ఏడాది తేల్చి, ఆగస్టు నుంచి మైక్రోకోడ్ సవరణలు ఇచ్చింది, వారంటీని రెండేళ్లు పొడిగించింది. అయితే అప్పటికే పాడైన చిప్‌ను ఏ సవరణా బాగుచేయలేదు, మార్చుకోవాల్సిందే. ఆ తరం ప్రాసెసర్ వాడుతున్నవారు బయాస్ తాజాగా ఉందో లేదో చూసుకోవడం నేటికీ అవసరం.

తప్పు గేమ్‌దే అయిన సందర్భాలూ ఉన్నాయి. బ్యాట్‌మాన్: ఆర్కం నైట్ 2015 జూన్‌లో విడుదలైన కొద్ది రోజులకే పీసీ అమ్మకాలు ఆపేశారు. అక్టోబర్‌లో గానీ తిరిగి రాలేదు. డైరెక్ట్‌ఎక్స్ 12 గేముల్లో కొత్త దృశ్యం ఎదురైన ప్రతిసారీ తొలిసారి మాత్రమే వచ్చే కుదుపు, అప్పటికప్పుడు షేడర్లు సిద్ధం చేయడం వల్ల పుడుతుంది. అదే దారిలో రెండోసారి నడిచినప్పుడు కుదుపు లేకపోతే హార్డ్‌వేర్‌ను అనుమానించనక్కర్లేదు. డ్రైవర్ మార్చినప్పుడల్లా అలా సిద్ధం చేసి దాచిన షేడర్ల నిల్వ చెరిగి, తొలి గంట మళ్లీ గతుకులుగా ఉండటం సహజం.

వేడి, కరెంటు, పాత కార్డులు

వేసవిలో హైదరాబాదులో పగటి వేడి 40 డిగ్రీలు దాటుతుంది. కూలర్ ఎంత మంచిదైనా గది గాలితోనే చిప్‌ను చల్లబరచాలి. గది 15 డిగ్రీలు వేడెక్కితే చిప్ కూడా దాదాపు అంతే వేడెక్కుతుంది. 95, 100 డిగ్రీల దగ్గర చాలా ప్రాసెసర్లు తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. ఆట మొదలైన పది నిమిషాల వరకు బాగుండి ఆ తర్వాత మందగిస్తే ముందు చూడాల్సింది ఉష్ణోగ్రత. దుమ్ము పేరుకున్న ఫ్యాన్లు, ఎండిపోయిన థర్మల్ పేస్ట్, పరుపు మీద పెట్టిన ల్యాప్‌టాప్ ఇందుకు కారణాలు కావచ్చు.

కరెంటు పోయి యూపీఎస్ అందుకున్న క్షణంలో కంప్యూటర్ ఆరిపోతుంటే, ఆ యూపీఎస్ ఇచ్చే కరెంటు పవర్ సప్లైకి పడటం లేదేమో చూడాలి. శుద్ధ సైన్ తరంగం ఇచ్చేదైతే ఈ బాధ ఉండదు.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల పాత కార్డు కొనేవారు డబ్బు కట్టేముందే బరువైన గేమ్ ఒకటి అరగంట నడిపించి చూడటం మేలు. 2022 సెప్టెంబర్ 15న ఎథీరియం మైనింగ్ ఆగిపోయాక, అప్పటిదాకా రాత్రింబవళ్లు నడిచిన కార్డులు పాత సరుకుగా బజారుకెక్కాయి. తెర మీద చుక్కలు, గళ్లు కనిపిస్తే స్క్రీన్‌షాట్ తీసి మరో తెర మీద చూడాలి. అందులోనూ ఆ గుర్తులుంటే తప్పు కార్డుదో, డ్రైవర్‌దో, గేమ్‌దో. లేకపోతే కేబుల్‌నూ మానిటర్‌నూ అనుమానించాలి.

ఆన్‌లైన్ ఆటల్లో మరో తికమక ఉంది. పింగ్ (సర్వర్ బదులిచ్చేందుకు పట్టే సమయం) పెరిగినా, ఫ్రేములు తగ్గినా జనం ‘ల్యాగ్’ అనే అంటారు. ఎఫ్‌పీఎస్ నిలకడగా ఉండి, పేల్చిన తూటా ఆలస్యంగా తగిలితే అది నెట్ సమస్య. గ్రాఫిక్స్ సెట్టింగులు ఎంత తగ్గించినా పోదు.

మంచి ఫిర్యాదు విలువ

2021లో ఒక ఆటగాడు జీటీఏ ఆన్‌లైన్ తెరుచుకోవడానికి నిమిషాల తరబడి ఎందుకు పడుతుందో తవ్వి చూశాడు. సుమారు 10 ఎంబీ పాఠ్యాన్ని చదివేటప్పుడు ప్రతి అంశానికీ మిగిలిన పాఠ్యం పొడవును ప్రోగ్రామ్ మళ్లీ మళ్లీ కొలుస్తోందని తేల్చాడు. తన సవరణతో ఆ సమయం దాదాపు 70 శాతం తగ్గిందని చూపించాడు. రాక్‌స్టార్ సంస్థ దాన్ని అంగీకరించి, గేమ్‌ను సరిదిద్ది, 10,000 డాలర్ల బహుమతి ఇచ్చింది.

అంత లోతుకు అందరూ వెళ్లలేరు. కానీ గేమ్ సంస్థకో డ్రైవర్ సంస్థకో ఫిర్యాదు పంపే ప్రతి ఒక్కరూ ఈ కొన్ని వివరాలు తప్పక రాయాలి: ప్రాసెసర్, కార్డు, ర్యామ్ పేర్లు, డ్రైవర్, గేమ్ వెర్షన్లు, లోపం ఏ దృశ్యంలో, ఏ సెట్టింగులతో వస్తోంది, అప్పటి ఉష్ణోగ్రత, ఫ్రేమ్ సమయం, అంతకుముందు ఏం మార్చారు. ఒకసారికి ఒక్కటే మార్చి, ఫలితం రాసుకుని, ఆ తర్వాతే రెండోది ముట్టుకోవాలి. అలాంటి ఫిర్యాదు అందితేనే ఇంజనీరు ఆ లోపాన్ని తన బల్ల మీద మళ్లీ పుట్టించి, సరిచేయగలుగుతాడు.