షుల్జ్ – ఒక జర్మన్ ఇంటిపేరు కథ



తెలుగులో తొలి అచ్చుపుస్తకం ఏదని పిల్లలు అడిగినప్పుడల్లా, మద్రాసులో మన భాష నేర్చి స్వదేశానికి మరలిన మతబోధకుడు బెంజమిన్ షుల్జ్ 1746లో జర్మనీలోని హాలే పట్టణంలో అచ్చు వేయించిన ప్రశ్నోత్తర పుస్తకాన్ని గూర్చి చెప్పేవాణ్ణి. ముప్పై ఏళ్ళు ఆ పేరు పలికినా దాని అర్థమేమిటని ఏనాడూ విచారించలేదు. వ్యుత్పత్తులు చెప్పడమే వృత్తిగా బ్రతికినవాడికి ఇది లోపమే.

షుల్జ్ అన్నది అరిగిపోయిన రూపం. మూలరూపం ‘షుల్ట్‌హైస్’. ఇది సమాసం. పూర్వపదమైన ‘షుల్ట్’ అంటే ఋణం, చెల్లించవలసినది. ఉత్తరపదానికి మూలమైన ‘హైసెన్’ అనే క్రియకు ఆజ్ఞాపించడమని ప్రాచీనార్థం. విగ్రహవాక్యం చెబితే, ‘ఋణమును చెల్లింపుమని ఆజ్ఞాపించువాడు’. మధ్యయుగాలలో ప్రభువు పక్షాన ఊరిలో పన్నులు రాబట్టి, తగవులు తీర్చిన గ్రామాధికారి అతడు. ఇంచుమించు మన మునసబు.

ఆ పదవి క్రమంగా ఇంటిపేరైంది. ప్రాంతాన్ని బట్టి షుల్ట్‌సె, షోల్జ్ వంటి రూపాలు పొందింది. 2021 నుండి 2025 వరకు జర్మనీ ఛాన్సలరుగా ఉన్న ఓలాఫ్ షోల్జ్ ఇంటిపేరు ఇదే. విద్యావంతులు కొందరు దీన్ని లాటిన్‌లోకి మార్చుకున్నారు. సంగీతకర్త మైకేల్ ప్రేటోరియస్ (1571–1621) వంశనామం అలా మారినదే. ‘ప్రేటర్’ అంటే రోము నగర న్యాయాధికారి. సరిహద్దు దాటి పోలిష్ భాషలో ‘సోల్టిస్’ అయిన ఈ మాట అక్కడ నేటికీ గ్రామపెద్దను సూచిస్తుంది.

నన్ను ఆపివేసినది మరొకటి. జర్మన్‌లో ‘షుల్ట్’ అంటే ఋణమే కాదు, అపరాధం కూడా.

మా నాన్నగారు మునసబు. 1984లో ఆ పదవులు రద్దయ్యాయి. ఆయనా గతించారు. అయినా ఊరిలో పెద్దవాళ్ళు నన్ను ‘మునసబుగారబ్బాయి’ అనే పిలుస్తారు. చిన్ననాడు ఆ పిలుపు గర్వకారణం. పంట పోయిన ఏడు శిస్తు కట్టలేక మా అరుగు క్రింద చేతులు కట్టుకొని నిలిచిన రైతులను చూచి కూడా, ఆ నిలుపు గౌరవమనే అనుకున్నాను.

పదవి పోయినా పేరు నిలుస్తుంది. ఆ పేరు వారి నోట వచ్చినప్పుడు అందులో ఆదరమెంత, పాత బాకీ ఎంత అని ఈ వయసులో లెక్క చూచుకొంటున్నాను.

మీ ఇంటిపేర్ల వెనుక ఏ పదవులున్నవో తెలుపగలరు.