గంపకూ కంపకూ ఒకటే రాత

మా ఇంట్లో ఆంధ్రపత్రిక ఎప్పుడూ లేదు. అమృతాంజనం మాత్రం ఎప్పుడూ ఉండేది. దేవుడి గూటి పక్క గూట్లో చిన్న గాజు సీసా, లోపల పసుపుపచ్చ ముద్ద. అడుగంటితే మా అవ్వ అగ్గిపుల్ల తలకాయతో గీకి నుదుటికి రాసుకునేది. ఆ సీసాలమ్మిన డబ్బుతోనే ఒక తెలుగు వారపత్రిక నడిచిందని యాభై దాటాక గానీ నాకు తెలియలేదు.

కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. 1908లో అక్కణ్ణుంచే ఆంధ్రపత్రికను వారపత్రికగా తెచ్చారు. తెలుగు వినపడని వీధిలో అచ్చయి, తపాలాలో తెలుగు జిల్లాలకు చేరేది. 1914లో మద్రాసుకు వచ్చి దినపత్రిక అయింది. మా ఉడుమలైపేట ఇప్పుడు తిరుప్పూరు జిల్లాలో ఉంది గానీ, 2009 దాకా కోయంబత్తూరు జిల్లాలోనిది. ఆ రోజుల్లో అటు తెలుగు జిల్లాలకూ ఇటు మా జిల్లాకూ మద్రాసే రాజధాని. అంటే పత్రిక మా రాజధానికే వచ్చింది. అయినా మా గడప తొక్కలేదు. తలనొప్పి మందు వచ్చింది, దాని లాభంతో నడిచిన పత్రిక రాలేదు.

వస్తే మాత్రం చదివేదెవరు?

మాకు తెలుగు మాటే గానీ అక్షరం రాదు. అలాగని మా తెలుగువాళ్ళు ఈ తమిళసీమకు వచ్చింది నిన్నా మొన్నా కాదు. విజయనగరం పేరుమీద మధురలో నాయకుల ఏలుబడి మొదలయ్యాక, డెబ్బైరెండు పాలెగాళ్ళ ఏర్పాటు జరిగాక, దండుల వెంట కొందరూ, నల్లరేగడి వెతుక్కుంటూ కొందరూ వచ్చారు. తిరుమూర్తి కొండకు పోయే దారిలో ఉన్న తళి కూడా అలాంటి పాలెమే. కమ్మవారు, కంబళత్తు నాయకులు, దేవాంగులు, అరుంధతీయులు — ఎవరి తెలుగు వారిది. ఒకరి యాసను ఒకరు వెక్కిరించుకోవడం కూడా తెలుగులోనే.

నన్ను ఎప్పుడూ తొలిచే సంగతి ఒకటుంది. తెలుగులో వచనం బాగా వికసించిన చోట్లలో మధుర ఒకటి. సముఖం వెంకటకృష్ణప్ప నాయకుడు జైమిని భారతాన్ని వచనంలో రాసింది ఆ కొలువులోనే. 1706 నుంచి 1732 దాకా ఏలిన విజయరంగ చొక్కనాథుడైతే తానే శ్రీరంగ మాహాత్మ్యాన్ని తెలుగు వచనంలో రాశాడు. పత్రికకు కావలసింది పద్యం కాదు, వచనం. అది మా పక్క ఊళ్ళోనే తయారై ఉంది. కాని అచ్చుయంత్రం పల్లెలకు వచ్చేలోపు కొలువు పోయింది, దానితోపాటు రాయసగాళ్ళూ పోయారు. సేద్యగాళ్ళ దగ్గర మిగిలింది మాట ఒక్కటే. బడిలో తమిళం నేర్చాం, తెలుగును తమిళ అక్షరాల్లో రాసుకున్నాం.

దానివల్ల వచ్చే తిప్పలు చెబితే నవ్వుతారు. తమిళంలో క, గ రెండింటికీ అక్షరం ఒకటే. ఒకసారి మా అమ్మ చీటీ మీద గంప కావాలని రాసి, చిన్నమ్మ ఇంటికి నా చేత పంపింది. అది చిన్నాన్న చేతిలో పడింది. మర్నాడు బండెడు తుమ్మకంప మా వాకిట్లో దిగింది. దొడ్డి కంచెకు కాబోలు అనుకున్నాడట. మా అమ్మ ఆ కంపను చాలాకాలం పొయ్యిలో పెట్టింది, పెట్టినప్పుడల్లా ఆయన్ను తిట్టింది. గంప మాత్రం సంతలో కొనుక్కోవలసి వచ్చింది.

ఇలా వలసపోయినవాళ్ళు ఇంకా ఎవరున్నారా అని వెతికితే నాకు దొరికినవాళ్ళు అమెరికాలోని జర్మన్లు. వాళ్ళలో ఒక తెగ మాకు చుట్టాల్లా అనిపిస్తుంది. జర్మనీ నుంచి రష్యాకు పోయి, నల్లసముద్రం పక్కన సేద్యం చేసి, 1870ల్లో అక్కణ్ణుంచి డకోటా మైదానాలకు వెళ్ళారు. రెండుసార్లు ఊరు వదిలారు, భాష వదల్లేదు. 1874లో యాంక్టన్ అనే ఊళ్ళో వాళ్ళకొక జర్మన్ వారపత్రిక మొదలైంది, పేరు డకోటా ఫ్రైయె ప్రెస్సె. అందులో వార్తలకన్నా నాకు ముచ్చటేసింది పాఠకుల ఉత్తరాలు. డకోటా రైతు రాసినదీ, రష్యాలో మిగిలిపోయిన బంధువు రాసినదీ ఒకే పత్రికలో అచ్చయ్యేవి. ఫలానా పల్లెలో పంట ఎలా ఉంది, ఎవరు పోయారు, ఎవరింట పెళ్ళి — చావడి కబుర్లే, కాకపోతే చావడి రెండు ఖండాల మీద ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా దిగాక, 1917 చట్టం ప్రకారం జర్మన్ పత్రికలు యుద్ధం గురించీ ప్రభుత్వం గురించీ రాసినదానికి ఇంగ్లీషు అనువాదం పోస్టుమాస్టరుకు ఇవ్వాల్సి వచ్చింది. చాలా పత్రికలు మూతపడ్డాయి. డకోటా ఫ్రైయె ప్రెస్సె మాత్రం ఊళ్ళు మారుతూ 1954 దాకా బతికింది.

వాళ్ళకు చర్చిలో జర్మన్ బైబిలు ఉండేది. ఏ ఊరు వెళ్ళినా అక్షరం వెంట వెళ్ళింది. మా దేవుళ్ళు చదువు అడగలేదు. పొంగలి పెడితే చాలనుకున్నారు.

నాకు అక్షరం దొరికింది బొమ్మల పుస్తకంలో. చందమామ 1947 జులైలో మద్రాసు నుంచి తెలుగులోనూ, అంబులిమామ పేరుతో తమిళంలోనూ ఒక్కసారే మొదలైంది. మా ఇంటికి అంబులిమామ వచ్చేది. మద్రాసులో ఉండే పెదనాన్న ఒక వేసవికి తెలుగు చందమామలు కట్టగట్టి తెచ్చాడు. రెండింట్లోనూ అదే కథ, అదే బొమ్మ. బొమ్మ కింద తమిళం ఒకపక్క, తెలుగు ఒకపక్క పెట్టుకుని గీతకు గీత పోల్చుకుంటూ పోయాను. రాజు అంటే ఇది, రాక్షసుడు అంటే ఇది. తలకట్టు అనే మాట తెలియక దాన్ని టోపీ అనేవాణ్ణి. గ, క వేరువేరుగా కనపడ్డ రోజు పుస్తకం పట్టుకుని మా అమ్మ దగ్గరికి పరుగెత్తాను. ఆవిడ చూసి, "ఇదేనా గంప? చిన్నాన్నకు చూపించు పో" అంది.

2011 జనాభా లెక్కల్లో తమిళనాడులో తెలుగు మాతృభాష అని చెప్పినవాళ్ళు దాదాపు 42 లక్షలు. ఇప్పుడు మా బంధువులకు ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. పంట, చావు, పెళ్ళి అన్నీ అందులోనే. మొదట్లో తమిళ అక్షరాల్లో తెలుగు కొట్టేవాళ్ళు. ఈమధ్య పెద్దవాళ్ళెవరూ కొట్టడం లేదు, మైకు బొమ్మ నొక్కి మాట్లాడేస్తున్నారు. మొన్న మా చిన్నమ్మ, తొంభైకి దగ్గరపడిన మనిషి, మామిడికాయలు పంపుతా గంప పంపమని పెట్టింది. వెదురు గంప దొరకలేదు, ప్లాస్టిక్‌ది పంపాను.