విశాఖా, వైజాగా?

తెల్లదొరల కాగితాల్లో విశాఖపట్నం ‘వైజాగపటం’ అయింది. దాని తోక తెగి వైజాగ్ మిగిలింది. పత్రికలు తల ఉంచుకుని విశాఖ అన్నాయి.

పట్నం అనగానే రేవు గుర్తొస్తుంది: మచిలీపట్నం, భీమునిపట్నం, కృష్ణపట్నం. అనకాపల్లి జిల్లా మాకవరపాలెం పక్కనున్న నర్సీపట్నానికి మాత్రం సముద్రం లేదు! సంస్కృతంలో ‘పత్తనం’ అంటే నగరం కూడా. ఆ లెక్కన సరిపోతుంది.

బయటివాళ్లకు వైజాగ్ అంటే ఆర్కే బీచ్, ఒడ్డుకెక్కిన కురుసుర జలాంతర్గామి, ఎవరికీ తొందర లేని ఊరు. అక్కడే కాపురముండేవాళ్లను అడగండి, పోర్టు వైపు నుంచి వచ్చే బొగ్గుదుమ్ము సంగతి ముందు చెబుతారు. మాకవరపాలెం లాంటి ఊళ్లకు 2022 ఏప్రిల్ దాకా జిల్లా కేంద్రం వైజాగే. ఇప్పుడు కలెక్టరాఫీసు అనకాపల్లికి వచ్చింది. పెద్ద జబ్బు చేస్తే మాత్రం వైజాగ్‌లోని 1923 నాటి కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) గుర్తొస్తుంది. ఓపీ చీటీ కోసం వరసలో నిలబడ్డవాడికి బీచ్ ఊరు అంటే నవ్వొస్తుందేమో.

ఈ పేర్ల గొడవలో ఇదే ఊరికున్న మరో పేరు వాల్తేరును మరిచిపోతాం. 1926లో పుట్టిన ఆంధ్ర విశ్వకళాపరిషత్తు చిరునామా చాలాకాలం అదే. రైల్వేవాళ్లయితే మొన్న మొన్నటిదాకా ‘వాల్తేరు డివిజన్’ అనే రాసుకున్నారు.