తిథి చెప్పని చుట్టం

అతిథి అంటే తిథి చెప్పకుండా వచ్చేవాడని మన పెద్దలు అర్థం చెబుతూంటారు. ముందుగా ఉత్తరం రాసి, రైలు టైము తెలియజేసి, స్టేషనుకి మనిషిని పంపమనేవాడు చుట్టమే గాని అతిథి కాడన్నమాట! ఆ లెక్కన నేను చదివినవాళ్ళలో అసలు సిసలైన అతిథి డెర్వ్లా మర్ఫీ. 1963లో యూరప్ నుంచి మన ఢిల్లీ దాకా సైకిలు మీద ఒంటరిగా వచ్చిన ఐర్లండు మహాతల్లి.

ఆవిడ 1931లో లిస్మోర్ అనే చిన్న ఊళ్ళో పుట్టింది. పదో పుట్టినరోజుకి అమ్మానాన్నలు ఒక పాత సైకిలూ, తాతగారు ఒక పాత అట్లాసూ ఇచ్చారు. ఆ రెండూ చేతికొచ్చిన కొద్ది రోజులకే, సైకిలు మీద ఇండియా వెళ్ళాలని ఆ పిల్ల నిశ్చయించుకుంది. కాని పద్నాలుగో ఏట బడి మానేయాల్సి వచ్చింది. తల్లికి కీళ్ళవాతం. కదలలేని మనిషి. పదహారేళ్ళకి పైగా ఆ తల్లి సేవలోనే గడిచిపోయాయి. 1961లో తండ్రి, 1962లో తల్లి కన్నుమూశారు. 1963 జనవరి 14న, ముప్ఫై ఒకటో ఏట, ఫ్రాన్సు తీరంలోని డంకర్క్ నుంచి ఆవిడ సైకిలెక్కింది.

పదహారేళ్ళు ఒకరికి వండి పెట్టిన మనిషి, ఆ తర్వాత ఆరు నెలలపాటు ముక్కూ మొహం తెలియనివాళ్ళు పెట్టింది తిన్నది. ఆవిడ కథలో నా మనసుకి బాగా పట్టిన సంగతి ఇదే.

సైకిలుకి ‘రోజ్’ అని ముద్దుపేరు పెట్టుకుంది. డాన్ క్విక్సోట్ గుర్రం పేరు రోసినాంటే, దానికి పొట్టిరూపం అది. ఆ దారుల్లో నిలవవని గేర్లు తీసేయించింది. దారిపొడుగునా ముఖ్యమైన ఊళ్ళకి టైర్లు ముందే పంపించుకుంది. జూలై 18న ఢిల్లీ చేరేసరికి మొత్తం ఖర్చు 64 పౌన్లూ చిల్లర. ఆనాటి మారకంలో మన 860 రూపాయల లోపు! ఆరు నెలలకి అంత తక్కువ ఎలా సరిపోయింది? సరిపోవడానికి ఎందరి ఇళ్ళలో రొట్టెలు కాలాయో!

కారులో వెళ్ళేవాడు పట్నంలో బయల్దేరి పట్నంలో దిగుతాడు. సైకిలువాడికి ఆ వీలు లేదు. పొద్దుగూకే వేళకి ఏ పల్లె వస్తే అదే మజిలీ. పైగా వాడి చేతిలో ఏముందో, ఎంత అలసిపోయాడో చూడగానే తెలిసిపోతుంది. చూసేవాళ్ళకి భయం ఉండదు, అసూయా ఉండదు. అయ్యో పాపం అనిపిస్తుంది. ఆ అనిపించడంలోనే సగం ఆతిథ్యం ఉంది.

అలాగని దారంతా పూలు పరిచి లేదు. టర్కీలో ఒక రాత్రి గదిలోకి దూరినవాణ్ణి పిస్తోలు పేల్చి బెదిరించింది. అఫ్ఘనిస్తాన్‌లో బస్సెక్కితే, ఛార్జీల దగ్గర జరిగిన గొడవలో తుపాకి మడమ తగిలి ఈవిడ పక్కటెముకలు విరిగాయి. చిత్రం ఏమిటంటే, అదే అఫ్ఘనిస్తాన్ మీద ఆవిడ మనసు పారేసుకుంది! ఘోర్‌బంద్ లోయ గురించి ఆవిడ రాసింది చదివితే మనకీ వెళ్ళాలనిపిస్తుంది.

పఠాన్లకి ఆతిథ్యం మర్యాద కాదు, చట్టం. దాన్ని ‘మెల్మస్తియా’ అంటారు. వచ్చినవాడి మతం అడగరు, ప్రతిఫలం ఆశించరు. నీడ ఇచ్చాక అతన్ని కాపాడే పూచీ ఇంటివాళ్ళదే. చాలా ఊళ్ళలో అతిథుల కోసం ‘హుజ్రా’ అని వేరే వసారాలాంటిది ఉంటుంది. హోటళ్ళు లేని కొండల్లో ఇవాళ నేను నీకు పెడితే, రేపు మరెవరో నాకు పెడతారు. ఆ నమ్మకం లేకపోతే అక్కడ ఎవరూ గడప దాటలేరు.

సరే, హుజ్రాలో కూర్చుని కబుర్లు చెప్పేది మగవాళ్ళు. పేరొచ్చేదీ వాళ్ళకే. మరి ఆ వేళప్పుడు పొయ్యి రాజేసేదెవరు? పిండి డబ్బా అడుగు చూసుకుని, పిల్లల వాటాలోంచి ఒక రొట్టె తీసేదెవరు? చరిత్ర పుస్తకాల్లో వాళ్ళ పేర్లుండవు. పొట్టి జుట్టూ, సైకిలూ చూసి మర్ఫీని చాలాచోట్ల మగవాడే అనుకునేవాళ్ళు. అయినా ఆడది కాబట్టి, మగ యాత్రికులకి తెరుచుకోని లోపలి గదులు ఆవిడకి తెరుచుకున్నాయి. మన ఇళ్ళలో మాత్రం? వీధరుగు మీంచి “భోంచేసి వెళ్ళండి” అని ఉదారంగా పిలిచేది ఒకరు, లోపల మళ్ళీ ఎసరు పెట్టేది ఇంకొకరూను!

ఇలా తిన్న ఋణం ఎలా తీరుతుంది? డబ్బిస్తే వాళ్ళు పుచ్చుకోరు. మళ్ళీ ఆ గుమ్మంలోకి వెళ్ళడం జరగదు. మర్ఫీ ఢిల్లీ నుంచి ధర్మశాల వెళ్ళి, ఇల్లూ దేశమూ పోగొట్టుకున్న టిబెటన్ శరణార్థి పిల్లల మధ్య పనిచేసింది. అఫ్ఘన్ రొట్టె బాకీ టిబెటన్ పిల్లలకి చెల్లింది. ఇలాంటి అప్పులు ఇచ్చినవాళ్ళకి తీర్చేవి కావు, తర్వాత వచ్చినవాళ్ళకి తీర్చేవి.

ఆ సైకిలు ప్రయాణం 1965లో ‘ఫుల్ టిల్ట్’ అనే పుస్తకమైంది. తర్వాత అయిదేళ్ళ కూతుర్ని వెంటబెట్టుకుని దక్షిణాదికి, కూర్గుకి కూడా వచ్చిందావిడ. 2022 మే నెలలో, తొంభయ్యో ఏట వెళ్ళిపోయింది. ఈసారీ తిథి చెప్పకుండానే.

మన వీధి తలుపులకి ఇప్పుడు గొళ్ళేలు ఎక్కువే. అవసరమే, కాదనను. కాని చీకటిపడే వేళ, దుమ్ము కొట్టుకుపోయిన ఒక ఆడపిల్ల సైకిలు గోడకి ఆనించి మంచినీళ్ళు అడిగితే, గొళ్ళెం తియ్యడానికి మనకి ఎంతసేపు పడుతుందంటారు?