పెద్దమ్మ పెద్దక్షరాలు

మా పెద్దమ్మ నోటుబుక్కు ఇప్పుడు నా దగ్గర ఉంది. రెండు వందల పేజీల గీతల పుస్తకం, అట్టకు పాత క్యాలెండర్ కాగితం చుట్టి ఉంటుంది. మొదటి నాలుగు పేజీలు పాటల పట్టిక. పాటలన్నీ రాయలేదామె. చాలావాటికి పేరూ, ఎప్పుడు పాడేదో ఒక ముక్కా, అంతే. "పేరు చూస్తే పాట యాదికొస్తది, మొత్తం ఎందుకు రాసుడు?" అనేది.

2004లో నేను ఆ పట్టికను కంప్యూటర్‌లో ఎక్కించి, శుభ్రంగా సవరించి, మా ప్రాంతపు పాటల సంకలనం వేస్తామన్న కొందరు మిత్రులకు ఇచ్చాను. సంకలనం రాలేదు గాని పట్టిక మాత్రం చేతులు మారుతూ తిరిగింది. ఆ సవరణలో నేనేం చేశానో అర్థం కావడానికి నాకు పదమూడేళ్లు పట్టింది. ఈ వ్యాసం దాని గురించే.

మా పెద్దమ్మది సేడం పక్క పల్లె. తాండూరుకు కోడలుగా వచ్చింది. మా దిక్కు తెలిసినవాళ్లకు ఇందులో వింతేమీ లేదు. తాండూరు నుంచి పడమటికి పోతే కాసేపట్లో కర్ణాటక. సంబంధాలు, సంతలు, కూలిపనులు రెండు వైపులా నడుస్తాయి. పెదనాయన నాపరాయి బండల పాలిష్ మిషన్ మీద పనిచేసేవాడు. ఆమె ఇంట్లో తెలుగు, పుట్టింటివాళ్లతో కన్నడం, బజార్ల ఉర్దూ మాట్లాడేది. అక్షరాలు నేర్చుకున్నది మాత్రం నలభై ఏళ్లు దాటాక, రాత్రిబడిలో, తెలుగులో. అంటే ఆమెకున్న లిపి ఒకటి, నోట్లో ఉన్న భాషలు మూడు.

పట్టికలో పన్నెండో పేరు: "బీసుకల్లు పద". నేను చూసి నవ్వుకున్నాను. పదం అని రాయబోయి సున్న మరిచిపోయింది పాపం అనుకున్నాను. ఆ "బీసుకల్లు" ఏమిటో అడిగితే చేత్తో తిప్పి చూపించింది. ఓహో, విసుర్రాయి! వెంటనే "విసుర్రాయి పాట" అని కొట్టేశాను. అట్లాంటివే ఇంకో రెండు ఉంటే వాటికీ అదే వైద్యం చేశాను.

ఆమె సున్న మరిచిపోలేదు. కన్నడంలో ఆ మాటకు సున్న లేదు. విసుర్రాయిని వాళ్లు బీసుకల్లు అంటారు. తెల్లవారుజామున జొన్నలు విసురుతూ ఆడవాళ్లు పాడే పాటలకు అక్కడ ఆ పేరే. ఆమె కన్నడ పాట పేరును తెలుగు అక్షరాల్లో, విన్నది విన్నట్టు, తప్పు లేకుండా రాసింది. తప్పు దిద్దినవాణ్ణి నేను.

2017లో సరిహద్దు పల్లెల్లో విసుర్రాయి పాటలు సేకరిస్తున్న ఒకాయన నా పట్టిక ఎవరి దగ్గరో చూసి ఫోన్ చేశాడు. "మీ తాండూరు పక్క కన్నడ పాటలు అసలు లేనట్టున్నాయి, పట్టికంతా తెలుగే" అన్నాడు. నేను అప్పుడు నోటుబుక్కు తీసి చూశాను. మూడు పాటలు ఉన్నాయి. పేర్లు ఉన్నాయి. పాడే మనిషి 2011లోనే పోయింది. ఆ పదమూడేళ్లలో మొదటి ఏడేళ్లు ఆమె బతికే ఉంది. నేను పేరును ఉన్నదున్నట్టు వదిలేసి ఉంటే, ఎవరో ఒకరు చదివి, ఇది కన్నడం కదా అని వచ్చి పాడించుకునేవాళ్లేమో. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడని సంగతి.

పేర్లను సవరించడంలో ఉన్న చిక్కు మా జిల్లా పేరులోనే ఉంది. వికారాబాద్ అనగానే తెలుగు చదువుకున్న చెవికి 'వికారం' వినిపిస్తుంది. బడిలో ఈ పేరు మీద వేసిన జోకులకు లెక్కలేదు. అసలు మాట ఉర్దూది. పాయిగా వంశంవాడు, ఫలక్‌నుమా కట్టించినవాడు, 1893 నుంచి 1901 దాకా నిజాం ప్రధానమంత్రిగా ఉన్న వికార్ ఉల్ ఉమ్రా పేరు మీద ఈ ఊరికి ఆ పేరు వచ్చిందంటారు. ఉర్దూలో ఆ మాటకు అర్థం హుందాతనం, గౌరవం. అందులో ఉన్నది గొంతు లోపలి నుంచి పలికే ఖాఫ్ అనే అక్షరం. దానికి తెలుగులో జోడీ లేదు. 'క' రాస్తే వికారం దగ్గరికి పోతుంది, 'ఖ' రాస్తే ఇంకో శబ్దం అవుతుంది. గౌరవం కాస్తా వికారమైంది ఒక్క అక్షరం దగ్గర. ఎవరి తప్పూ కాదు, లిపి అంతే. కానీ ఊరి చరిత్ర రాసే పుస్తకం ఆ ఉర్దూ రూపాన్ని కూడా ఒక మూల చెప్పకపోతే, రేపు ఎవడో ఒకడు ఊరి పేరును వికారం నుంచే పుట్టిస్తాడు.

తాండూరు సంగతీ అంతే. మేం నోటితో తాండూర్ అంటాం, కాగితం మీద తాండూరు అని రాస్తాం. మంచిర్యాల జిల్లాలో ఇంకో తాండూర్ ఉంది. 2022 డిసెంబర్‌లో మా కందులకు భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు, పేరు ఎట్లా రాయాలన్నది తమాషా విషయం కాదని అర్థమైంది. ఆ రిజిస్టర్‌లో ఏ రూపం ఎక్కిందో అదే సంచి మీదికీ ఎక్కుతుంది.

తెలుగులో ఇది పాత తగాదానే. అరసున్నలు, బండి ఱలు ఉంచాలా తీసేయాలా, వాడుక మాటను పుస్తకంలోకి రానివ్వాలా వద్దా అని గిడుగు రామమూర్తి కాలం నుంచీ కొట్లాడుకున్నాం. 1936లో మొదటి సంపుటం వచ్చిన సూర్యరాయాంధ్ర నిఘంటువు గ్రాంథికాన్ని ప్రమాణంగా పెట్టుకుంది. జనం నోట్లో ఉన్న రూపాలకు అందులో చోటు దొరకడం కష్టం. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం మొదటి సంపుటం, వ్యవసాయ పదాలది, వచ్చింది. అది వేరే దారి పట్టింది. రైతు ఎట్లా అన్నాడో అట్లాగే రాసి, ఏ జిల్లాలో అన్నాడో పక్కన పెట్టింది. ఏది ఒప్పు, ఏది తప్పు అన్న తీర్పు లేదు. ఎక్కడ, ఏమంటారు అన్నదే లెక్క. మొదటి పుస్తకం ఎట్లా రాయాలో నేర్పుతుంది, రెండోది ఎట్లా అన్నారో చెబుతుంది. రెండూ కావాలి. నేను చేసిన పొరపాటు రెండోదాని పని చేస్తూ మొదటిదాని కలం పట్టుకోవడం.

'బ్రతుకమ్మ' అని అచ్చేసిన పాత పుస్తకాలు చూసినవాళ్లకు ఇది తెలుసు. పాడే ఆడవాళ్లెవరూ ఆ 'ర'వత్తు పలకరు. దాన్ని పెట్టింది పండితుడి చెయ్యి. మర్యాద కోసమే పెట్టి ఉంటాడు. నేనూ మర్యాద కోసమే సున్న పెట్టాను.

ఇక రెండో తప్పు. ఇది నాకు తెలిసింది ఇంకా ఆలస్యంగా, అదీ జపాన్ మీదుగా.

మా మేనల్లుడు హైదరాబాద్‌లో ఉంటాడు, వాడికి జపాన్ పాటల పిచ్చి. ఎక్స్ జపాన్ అనే రాక్ బృందంలో గిటారు వాయించిన ఒకాయన గురించి ఒకసారి చెప్పాడు. పేరు హిదే. ఇంగ్లీషు అక్షరాల్లోనే రాసుకునేవాడు. బృందంతో ఉన్నప్పుడు ఆ నాలుగు అక్షరాలూ క్యాపిటల్. ఒక్కడే పాడిన ఆల్బమ్‌ల మీద నాలుగూ చిన్నవి. ఇంగ్లీషు విజ్ఞాన సర్వస్వాలు మాత్రం తమ వ్యాకరణం ప్రకారం మొదటి అక్షరం పెద్దదిగా, తక్కినవి చిన్నవిగా రాస్తాయి. "అంటే మామా, ఆయన రెండు తీర్లుగా రాసుకుంటే, వీళ్లు ఆయన ఎన్నడూ రాయని మూడో తీరు పెట్టిన్రు" అన్నాడు వాడు.

జపాన్ పాటల్లో ఇట్లాంటివి కొల్లలు. వాళ్లకు కంజి, హిరగాన, కతకాన అని మూడు రకాల రాత, వాటి మీద రోమన్. ఏ మాటను ఎందులో రాయాలన్నది కూడా అర్థంలో భాగమే. షీనా రింగో అనే గాయని 2000లో తెచ్చిన రెండో ఆల్బమ్‌లో పదమూడు పాటలు. నడుమ ఏడోది 'నేరమూ శిక్షా'. దానికి అటూ ఇటూ పేర్లు అద్దంలో చూసినట్టు జోడీ కుదురుతాయి. మొదటి పాట పేరూ చివరి పాట పేరూ మూడేసి కంజి అక్షరాలు, రెండూ జబ్బు లక్షణం అనే ఒకే అక్షరంతో ముగుస్తాయి. మొత్తం నిడివి 55 నిమిషాల 55 సెకన్లు. ఆ పేర్లను రోమన్‌లోకి మార్చి మన పద్ధతిలో సర్దితే పాటలు పోవు, అద్దం మాత్రం పగులుతుంది.

ఆ మాట వింటుంటే నాకు నోటుబుక్కు యాదికొచ్చింది. పెద్దమ్మ పట్టికలో కొన్ని పేర్లు గీతకు గీతకు నడుమ నిండుగా, పెద్ద పెద్ద అక్షరాల్లో ఉంటాయి. కొన్ని గీతను అంటుకుని చీమల బారులా ఉంటాయి. రాత్రిబడి చేతిరాత కదా, కుదరలేదు అనుకున్నాను. తెలుగుకు క్యాపిటల్ అక్షరాలు లేవు. కంప్యూటర్‌లో అన్నీ ఒకే సైజు చేసేశాను. ఆ సాయంత్రం ఇంటికొచ్చి పుస్తకం ముందేసుకున్నాను. పెద్దగా రాసినవి: బత్కమ్మ పాటలు, నాటేసేటప్పటి పాటలు, పీరీల పండుగకు అలాయి చుట్టూ పాడేవి. చిన్నగా రాసినవి: జోలపాట, బీసుకల్లు పదలు, పిల్లను అత్తారింటికి తోలేటప్పటిది, చావింట్ల పాడేది. పదిమంది కూడి పాడేవి పెద్దక్షరాలు. ఒక్కతే పాడుకునేవి చిన్నక్షరాలు.

ఆమెకు హిదే తెలియదు. ఆయనకు తాండూరు తెలియదు. ఇద్దరూ అక్షరం సైజుతో ఒకే మాట చెప్పారు.

ఒక్క పాట దగ్గర మాత్రం నాకు తేలలేదు. 'అనంతగిరి జాతర పాట' అన్నదాంట్లో మొదటి మాట పెద్దగా, చివరి మాట చిన్నగా ఉంది. ఒకరు ఎత్తుకుని అందరూ అందుకునేదా? అందరూ పాడి చివరికి ఒక్కరే మిగిలేదా? లేక లైను చివర చోటు చాలక కుదించిందా? అడగడానికి మనిషి లేదు. నేను 2004లో ఒక్క ప్రశ్న అడిగి ఉండాల్సింది: "గిది పెద్దగ ఎందుకు రాసినవ్ పెద్దమ్మా?" అడగలేదు. దిద్దేవాడికి అడగాలని తోచదు.

దీనికి ఎదురు వాదన లేదని కాదు, దాన్ని తేలిగ్గా తీసేయను. ప్రతి వింత రాతా ఉద్దేశంతో రాసింది కాదు. క్యాసెట్ అట్టల మీద అచ్చుతప్పులు బోలెడు. పోస్టర్ మీద పెద్దగా కనపడాలని అరిచే అక్షరాలు వేసేవాళ్లుంటారు, ఆ అరుపంతా విజ్ఞాన సర్వస్వంలోకి తెచ్చుకోవాలా? అకారాది క్రమం ఏం గాను? వెతికేవాడికి దొరికేదెట్లా? ఇవన్నీ న్యాయమైన ప్రశ్నలే. సినిమా పేరు 'అ!' అని 2018లో వచ్చింది. ఆ ఆశ్చర్యార్థకం తీసేస్తే మిగిలేది అక్షరమాలలో మొదటి అక్షరం. 2019 నాటి ఇస్మార్ట్ శంకర్‌ను ఇంగ్లీషులో రాసేటప్పుడు ముందున్న చిన్న ఐని పెద్దది చేస్తే, మన నోటి 'ఇస్మార్ట్'తోనూ ఫోన్ పేర్లతోనూ కలిపి ఆడిన ఆట పోతుంది. 2023లో ఆస్కార్ అందుకున్న 'నాటు నాటు'ను రోమన్‌లో రెండు 'ఎ'లతో సాగదీసి రాశారు కాబట్టే బయటివాళ్ల నోట్లో ఆ దీర్ఘం నిలిచింది, జపాన్‌వాళ్లు కూడా కతకానలో ఆ సాగదీతను గీత పెట్టి మరీ రాసుకున్నారు.

లైబ్రరీవాళ్లు ఈ తగాదాను ఎప్పుడో ఒక కొలిక్కి తెచ్చారు. కేటలాగులో పుస్తకం పేరును పేరుపేజీ మీద ఉన్న స్పెల్లింగ్‌తోనే, తప్పున్నా సరే, దించాలి. సవరించిన రూపం ఇంకో చోట ఇచ్చి, వెతికేవాణ్ణి అక్కణ్ణుంచి ఇక్కడికి పంపాలి. పాత నియమాల్లో క్యాపిటల్స్‌ను మాత్రం ఉన్నవున్నట్టు దించనక్కర్లేదు, కేటలాగు నియమాల ప్రకారం మార్చుకోవాలన్నారు. మాట ముఖ్యం, అక్షరం సైజు కాదు అనుకున్నారు. మా పెద్దమ్మ పట్టిక చూసిన తరవాత ఆ ఒక్క మినహాయింపు దగ్గర నేను వాళ్లతో ఏకీభవించలేను. తక్కినదంతా బంగారం లాంటి పద్ధతి. ముందు ఉన్నదున్నట్టు దించు, తీర్పు పక్కన రాయి. అచ్చుతప్పో ఉద్దేశమో ఇవాళ తేలకపోతే రేపు తేల్చేవాడికి ఆధారం మిగులుతుంది. దిద్దేస్తే అదీ పోతుంది.

పోయిన ఎండాకాలం పట్టిక మళ్లీ చేశాను. నాలుగు గడులు. మొదటి గడిలో ఆమె రాసినట్టే పేరు, పెద్దవి పెద్దగా, చిన్నవి చిన్నగా. రెండో గడిలో ఇప్పటి తెలుగు రాతలో. మూడో గడిలో ఏ భాష, ఎప్పుడు పాడతారు. నాలుగో గడిలో నా అనుమానాలు. ఆ పేజీల ఫోటోలు కూడా జతచేశాను. 2004 నాటి పట్టిక ఎవరెవరి దగ్గర ఉందో నాకు తెలిసినంతవరకు ఫోన్ చేసి, అది పారేయమన్నాను. ఒకాయన "పాతది చదవనీకి మంచిగుండె కదా" అన్నాడు. నిజమే, మంచిగనే ఉండె.

అనంతగిరి పాట ఎదురుగా నాలుగో గడిలో ఒక ప్రశ్నార్థకం పెట్టాను. సేడం పక్క ఆమె చెల్లెలు వరస ఒకామె ఉందని ఈ మధ్య తెలిసింది, ఎనభై దాటిందట. వచ్చే ఆదివారం తాండూరులో బండి ఎక్కుతున్నాను.