అమెరికా నౌకాదళంలో ఆఫీసర్ రిక్రూటర్

అమెరికా నౌకాదళంలో అధికారి హోదాకు దరఖాస్తు చేసుకునేవారి అర్హతలు సరిచూసి, పరీక్షలకు పంపి, ఫైలు సిద్ధం చేసి ఎంపిక బోర్డుకు చేర్చే సిబ్బందిని ఆఫీసర్ రిక్రూటర్లు అంటారు. వీరు నౌకాదళం నుంచి జీతం తీసుకుంటారు, దరఖాస్తుదారు నుంచి రుసుమేమీ తీసుకోరు. ఫైలు బోర్డు దాకా వెళ్లేది వీరి చేతుల మీదుగానే అయినా, ఎంపిక చేసే అధికారం మాత్రం వీరికి లేదు.

వ్యవస్థ

టెనెసీ రాష్ట్రంలోని మిల్లింగ్టన్ కేంద్రంగా పనిచేసే నేవీ రిక్రూటింగ్ కమాండ్ నియామకాలను చూస్తుంది. దాని కింద నేవీ టాలెంట్ అక్విజిషన్ గ్రూపులు ప్రాంతాలవారీగా ఉంటాయి. ఊళ్లలో కనిపించే నియామక కార్యాలయాల్లో ఎక్కువగా కూర్చునేది సెయిలర్లను, అంటే అధికారి హోదా లేని సిబ్బందిని, చేర్చుకునే రిక్రూటర్లు. అధికారుల దరఖాస్తులు చూసేవారు వేరు. డిగ్రీ ఉన్నవారు పొరపాటున సెయిలర్ల నియామక కార్యాలయానికి వెళితే ఆఫీసర్ రిక్రూటర్ ఎవరో అడిగి తెలుసుకోవాల్సి ఉంటుంది. ముందు సెయిలర్‌గా చేరి తర్వాత అధికారి అయ్యే దారులూ ఉన్నాయి. అయితే వాటికి మళ్లీ వేరే ఎంపిక జరుగుతుంది కాబట్టి హామీ ఏమీ ఉండదు.

ఏ శాఖకు ఎంతమంది కావాలో ప్రధాన కార్యాలయం నిర్ణయిస్తుంది. ఆ లక్ష్యాలు అందుకోవాల్సిన బాధ్యత రిక్రూటర్ మీద ఉంటుంది. అందువల్ల ఖాళీలు ఎక్కువగా ఉన్న శాఖ గురించి రిక్రూటర్ నుంచి ఎక్కువ వినిపించడం సహజం.

ఎవరికి అవసరం

అధికారి కావడానికి ఉన్న అన్ని దారుల్లోనూ రిక్రూటర్ పాత్ర ఒకేలా ఉండదు. 1845లో అన్నాపోలిస్‌లో మొదలైన నౌకాదళ అకాడమీలో చేరడానికి సాధారణంగా కాంగ్రెస్ సభ్యుల నామినేషన్ కావాలి. 1926లో ఏర్పడిన నావల్ ఆర్‌వోటీసీ (రిజర్వ్ ఆఫీసర్స్ ట్రైనింగ్ కోర్) శిక్షణ విశ్వవిద్యాలయాల్లో చదువుతో పాటే సాగుతుంది. డిగ్రీ పూర్తి చేసినవారు రోడ్ ఐలాండ్‌లోని న్యూపోర్ట్‌లో ఉన్న ఆఫీసర్ క్యాండిడేట్ స్కూల్‌లో చేరాలంటే ఆఫీసర్ రిక్రూటర్ ద్వారా వెళ్లాలి. అక్కడి శిక్షణ 13 వారాలు. వైద్యులు, నర్సుల వంటివారికి నేరుగా కమిషన్ (అధికారి హోదా) ఇచ్చి, అదే ఊళ్లోని ఆఫీసర్ డెవలప్‌మెంట్ స్కూల్‌లో 5 వారాల శిక్షణ ఇస్తారు.

అర్హతలు

అధికారి హోదాకు అమెరికా పౌరసత్వం తప్పనిసరి. గ్రీన్ కార్డు ఉన్నవారు సెయిలర్లుగా మాత్రమే చేరగలరు. వయసు, మార్కులు, కంటిచూపు నిబంధనలు శాఖను బట్టి మారతాయి. ఒక్కో శాఖకు ‘ప్రోగ్రామ్ ఆథరైజేషన్’ అనే పత్రం ఉంటుంది. రిక్రూటర్ నోటిమాటను ఆ పత్రంతో పోల్చి చూసుకోవచ్చు.

పరీక్ష

గణితం, చదివి అర్థం చేసుకోవడం, యంత్రాల పనితీరు అనే మూడు భాగాలున్న ఆఫీసర్ ఆప్టిట్యూడ్ రేటింగ్ పరీక్షకు రిక్రూటరే ఏర్పాటు చేస్తారు. స్కోరు 20 నుంచి 80 మధ్య ఉంటుంది. పైలట్ కావాలనుకునేవారు ఇదే పరీక్షలో మరికొన్ని భాగాలు రాయాలి. జీవితంలో మూడుసార్లే రాయనిస్తారు. మొదటిసారికీ రెండోసారికీ మధ్య 30 రోజులు, రెండోసారికీ మూడోసారికీ మధ్య 90 రోజులు ఆగాలి. చివరిసారి వచ్చిన స్కోరే లెక్కలోకి వస్తుంది, అది అంతకుముందు కన్నా తక్కువైనా సరే. అందుకే రిక్రూటర్ త్వరగా తేదీ ఇస్తానన్నా, సిద్ధం కాకుండా పరీక్షకు కూర్చోవడం నష్టమే.

వైద్య తనిఖీ

మిలిటరీ ఎంట్రన్స్ ప్రాసెసింగ్ స్టేషన్‌లో వైద్య పరీక్ష జరుగుతుంది. పాత జబ్బుల ప్రస్తావన ఇక్కడే వస్తుంది. ఉదాహరణకు 13వ పుట్టినరోజు తర్వాత ఉబ్బసం ఉండి ఉంటే అది అనర్హత. అయితే నాటి వైద్య పత్రాలు, ఊపిరితిత్తుల పరీక్ష ఫలితాలు జతచేసి మినహాయింపు కోరవచ్చు. ఆ కాగితాలను రిక్రూటర్ పైకి పంపుతారు, నిర్ణయం పైవారిది. 2022 నుంచి ఎంహెచ్ఎస్ జెనెసిస్ అనే కంప్యూటర్ వ్యవస్థ ద్వారా పౌర ఆసుపత్రుల రికార్డులూ, మందుల చీటీలూ తనిఖీ వైద్యులకు కనిపిస్తున్నాయి. చిన్నప్పుడు వాడిన ఇన్‌హేలర్ ఊసెత్తవద్దని ఎవరైనా సలహా ఇస్తే, దాన్ని పాటించి చిక్కుల్లో పడేది దరఖాస్తుదారే. అబద్ధం చెప్పి చేరడం సైనిక చట్టం కింద నేరం.

భద్రతా ఫారం

ఎస్ఎఫ్-86 అనే ఫారంలో గత 10 ఏళ్ల చిరునామాలు, ఉద్యోగాలు రాయాలి. విదేశాల్లోని దగ్గరివారు, ఆస్తులు, ప్రయాణాల వివరాలూ ఇవ్వాలి. తెలుగు మూలాలున్న అమెరికా పౌరులకు ఎక్కువ సమయం పట్టేది ఇక్కడే. తరచూ ఫోన్‌లో మాట్లాడే మేనమామ, తాతగారి ఊళ్లో తన పేరు మీద ఉన్న పొలం వాటా, హైదరాబాద్ బ్యాంకులోని ఖాతా, సెలవుల్లో చేసిన ప్రయాణాలు అన్నీ చూపాలి. ఇవి ఉన్నంత మాత్రాన అనర్హత రాదు. దాచినట్టు తేలితే మాత్రం భద్రతా అనుమతి దక్కడం కష్టం.

ఎంపిక, ఒప్పందం

మార్కుల పత్రాలు, సిఫారసు లేఖలు, ఎందుకు చేరదలిచారో చెప్పే వ్యాసంతో ఫైలు పూర్తవుతుంది. ఆయా శాఖల అధికారులతో కూడిన బోర్డు దాన్ని పరిశీలిస్తుంది. బోర్డు సిఫారసు చేశాక కూడా వైద్య, ఇతర అనుమతులు వస్తేనే తుది ఎంపిక. అణు విభాగం కోరేవారిని నావల్ రియాక్టర్స్ డైరెక్టర్ అయిన నాలుగు నక్షత్రాల అడ్మిరల్ స్వయంగా ఇంటర్వ్యూ చేస్తారు. ఈ ఆనవాయితీ అడ్మిరల్ హైమన్ రికోవర్ కాలం నాటిది.

సేవాకాలం కూడా శాఖను బట్టి మారుతుంది. పైలట్లు శిక్షణ ముగించి వింగ్స్ (పైలట్ బ్యాడ్జి) అందుకున్న రోజు నుంచి 8 ఏళ్లు పనిచేయాలి, చేరిన రోజు నుంచి కాదు. లిఖితపూర్వకంగా ఒప్పందంలో ఉన్నదే చెల్లుతుంది కాబట్టి, రిక్రూటర్ నోటిమాటగా చెప్పిన శాఖ, ప్రోత్సాహకాలు అందులో ఉన్నాయో లేదో సంతకానికి ముందే చూసుకోవాలి.

భారత్‌తో పోలిక

భారత నౌకాదళంలో అభ్యర్థి వెంట నడిచి ఫైలు కూర్చే రిక్రూటర్ ఉండరు. ఎన్డీఏ, సీడీఎస్ పరీక్షలకు యూపీఎస్సీకి, ఇతర ప్రవేశాలకు నౌకాదళ వెబ్‌సైట్‌లో అభ్యర్థే దరఖాస్తు చేసుకోవాలి. ఆ తర్వాత విశాఖపట్నం, భోపాల్, బెంగళూరు వంటి కేంద్రాల్లో 5 రోజుల ఎస్ఎస్‌బీ (సర్వీసెస్ సెలక్షన్ బోర్డు) ఇంటర్వ్యూ, వైద్య పరీక్ష, మెరిట్ జాబితా వరుసగా ఉంటాయి. కేరళలోని ఎళిమలలో ఉన్న భారత నౌకాదళ అకాడమీ ప్రధాన శిక్షణ కేంద్రం. సలహా కావాలనుకున్నవారు ఎక్కువగా ప్రైవేటు కోచింగ్ కేంద్రాలకు ఫీజు కట్టి వెళతారు.